బకాయి పడ్డ ఎనభై ఆరు టోర్నమెంట్లు

మా ఆఫీసు పేరు చారిత్రక గోల్ఫ్ పురస్కారాల సేకరణ, పరిరక్షణ సంచాలకాలయం. ఒక్క ఊపిరిలో చెప్పడం కష్టం కాబట్టి ఫోనెత్తినప్పుడు "సేకరణ ఆఫీసండీ" అంటాం. అవతలివాళ్లు ధాన్యం సేకరణ అనుకుని తేమ శాతం గురించి, గోనెసంచుల గురించి అడుగుతారు. ఏ ఆఫీసుకు వెళ్లాలో వాళ్లకు ఓపిగ్గా చెబుతాం. మొదటి రెండేళ్లలో మా సంస్థ వల్ల ప్రజలకు జరిగిన మేలు ఇదే.

సంస్థ పుట్టిన తీరు కూడా చెప్పాలి. అప్పటి మంత్రిగారు విదేశీ పర్యటనలో ఒక మ్యూజియం చూశారు. అక్కడ నూరేళ్ల కిందటి గోల్ఫ్ పోటీల్లో గెలిచిన వెండి కప్పులు, పతకాలు అద్దాల బీరువాల్లో ఉన్నాయట. జనం వరసకట్టి మరీ చూస్తున్నారట. మంత్రిగారు తిరిగొచ్చి సమీక్షా సమావేశంలో "మన దగ్గర ఇలాంటివి ఎన్నున్నాయి?" అని అడిగారు. కార్యదర్శిగారు లేవు అనలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఏ మంత్రికీ ఆ మాట చెప్పలేదు. "వివరాలు సేకరిస్తున్నాం సార్" అన్నారు. అన్నాక, సేకరించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. మూడు నెలలు తిరిగేసరికి పదకొండు పోస్టులతో సంచాలకాలయం వెలిసింది. నేను అందులో సూపరింటెండెంటుని.

పదకొండు మందిలో గోల్ఫ్ చూసినవాళ్లు ఎవరూ లేరు. డైరెక్టరు నిశాపతిరావుగారు మత్స్యశాఖ నుంచి వచ్చారు. చేరిన రోజునే మమ్మల్ని కూర్చోబెట్టి "చేపపిల్లలైనా కప్పులైనా సేకరణకు సూత్రాలు ఒకటేనయ్యా. ముందు ఫారం తయారు కావాలి" అన్నారు. పన్నెండు కాలమ్‌లతో ఆయనే స్వయంగా ఒక ఫారం తయారుచేశారు. అందులో ఏడో కాలమ్: 'వస్తువు యొక్క ప్రస్తుత హక్కుదారు సంతకం'. ఈ కాలమ్ సంగతి తర్వాత చాలా దూరం వెళ్లింది.

జిల్లాలన్నిటికీ లేఖలు రాశాం. అన్ని జిల్లాల నుంచీ 'నిల్' అని జవాబులొచ్చాయి. నిల్ జవాబులకు ఒక రిజిస్టరు పెట్టాం. అది నిండితే రెండోది పెట్టాం. అలా రెండేళ్లు గడిచాక నల్లబోడు నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. 'మా క్లబ్బులో ఒక వెండి కప్పు ఉన్నది. దాని మీద గోల్ఫ్ అని ఇంగ్లీషులో ఉన్నది. తమకు పనికివచ్చునేమో చూడగలరు' అని జోగినాయుడు అనే ఆయన రాశారు.

డైరెక్టరుగారు ఆ కార్డును రెండుసార్లు చదివి, నన్ను వెంటబెట్టుకుని మర్నాడే బయల్దేరారు.

నల్లబోడు ఒకప్పుడు మాంగనీసు గనుల ఊరు. గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. దొరల కాలం నాటి రిక్రియేషన్ క్లబ్బు మాత్రం పెంకులు రాలుతూ నిలబడి ఉంది. జోగినాయుడుగారు బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ క్లబ్బుకు కార్యదర్శీ, లైబ్రేరియనూ, తాళాలు వేసేవాడూ ఆయనే. ఊళ్లో అందరూ మాస్టారు అంటారు. బీరువా తెరిచి కప్పు తీసి బల్ల మీద పెట్టారు. దాన్నిండా నంబర్లు వేసిన చెక్క బిళ్లలున్నాయి.

"ఆదివారాలు ఆడోళ్లు హౌసీ ఆడతారండి. నంబర్లు ఇందులోంచే తీస్తాం," అన్నారు మాస్టారు కొంచెం సిగ్గుపడుతూ.

డైరెక్టరుగారు చేతులకు తెల్ల తొడుగులు వేసుకున్నారు. బిళ్లలన్నీ ఒంపి, కప్పును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తిప్పి చూశారు. గిల్‌క్రిస్ట్ ఛాలెంజ్ కప్పు అని చెక్కి ఉంది. దాని కింద వరసగా ఏడాదీ, గెలిచిన దొర పేరూ ఉన్నాయి. మొదటిది పందొమ్మిది వందల పదకొండు, చివరిది పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది. ఆ తర్వాత వెండి ఖాళీగా ఉంది.

"ముప్పై ఎనిమిది తర్వాత?"

"యుద్ధం వచ్చీసింది కదండీ. దొరలు ఎలిపోనారు. మరెవలూ ఆడలేదు."

డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి. రెండేళ్లలో మాకు దొరికిన మొదటి వస్తువు అది. అక్కడికక్కడే ఫారం తీయించారు. ఆరు కాలమ్‌లు చకచకా నింపాం. ఏడో కాలమ్ దగ్గర ఆగాం.

"సంతకం నన్ను పెట్టీమంటే పెట్టీస్తానండి," అన్నారు మాస్టారు.

అక్కడితో అయిపోవలసింది. కానీ నా స్వభావం వేరు. ఏ కాగితాన్నీ ఒక సందేహమైనా రాయకుండా పైకి పంపకూడదని ఇరవై ఆరేళ్ల క్రితం మొదటి ఉద్యోగంలో నేర్చుకున్నాను. "హక్కు క్లబ్బుదేనని దస్తావేజు ఏమైనా ఉందా?" అని అడిగాను. మాస్టారు బీరువా అడుగునుంచి ఒక టైపు కాగితం తీశారు. కప్పు ఇచ్చిన గని మేనేజరు గిల్‌క్రిస్ట్ దొర రాసిన దానపత్రం అది. కప్పు క్లబ్బులో భద్రపరచాలి, కానీ ఏ ఏడు గెలిచినవాడిది ఆ ఏడు హక్కు అని అందులో ఉంది.

కాగితం పొరలుపొరలుగా లేచిపోతోంది. జెరాక్సు షాపులో కుర్చీలో కూర్చున్నాయన ముందువైపు కాపీ తీసి "తిప్పితే ముక్కలైపోద్ది సార్" అన్నాడు.

"వెనకాల కూడా ఉందండి," అన్నారు మాస్టారు.

"మనక్కావలసింది ముందే ఉంది," అన్నారు డైరెక్టరుగారు.

దానపత్రాన్ని న్యాయ సలహాదారుకు పంపాం. పదిహేను రోజులకు అభిప్రాయం వచ్చింది: 'సదరు కప్పుపై హక్కు ఏ సంవత్సరపు విజేతకు ఆ సంవత్సరమునకు మాత్రమే సంక్రమించును. 1939వ సంవత్సరము మొదలు టోర్నమెంట్లు నిర్వహింపబడలేదు. అయితే అవి రద్దయినట్లు ఎచ్చటను లేదు. కావున అవన్నియు బకాయిపడినట్లుగా భావించి, వరుసక్రమమున నిర్వహించి, చివరి విజేత నుండి సంతకము పొందవలెను.'

ముప్పై తొమ్మిది నుంచి ఈ ఏడు దాకా లెక్కపెట్టాం. ఎనభై ఆరు టోర్నమెంట్లు.

లెక్క తప్పిందేమోనని నేను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. డైరెక్టరుగారు మాత్రం చెక్కుచెదరలేదు. మత్స్యశాఖలో ఉండగా నాలుగువేల పడవ లైసెన్సుల బ్యాక్‌లాగ్‌ను ఆయన వారంలో తీర్చారట. "దానపత్రంలో ఎన్ని గుంతలు ఆడాలో రాసి ఉందా?" అని అడిగారు. చూశాను. లేదు. "అయితే గుంతకో టోర్నమెంటు" అని తేల్చేశారు.

ఇక గెలిచేదెవరు? పోటీ నల్లబోడు నివాసులకు మాత్రమేనని దానపత్రంలో ఉంది. ఆ మండలం తహసీల్దారు హేమసుందర్‌గారు జిల్లా కేంద్రంలో కాపురముంటూ రోజూ కారులో వచ్చిపోతారు. కానీ హెడ్‌క్వార్టర్స్‌లోనే నివాసం ఉంటున్నట్టు ధ్రువపత్రం ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. ఆ పత్రం ఒక పనికి రావడం అదే మొదటిసారి.

"మీరేం కంగారుపడకండి సార్," అన్నారాయన డైరెక్టరుగారితో. "ఈ ఏటి టోర్నమెంటు నేను గెలుస్తాను. ఏడో కాలమ్‌లో సంతకం పెట్టి కప్పు మీ చేతిలో పెడతాను." ఆ సాయంత్రమే గోల్ఫ్ కర్రలు తెప్పించుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ సాధన మొదలుపెట్టారు.

మైదానం చూడటానికి ముగ్గురం వెళ్లాం. రికార్డులో అది అరవై రెండు ఎకరాల మేత పోరంబోకు. కొండ వాలున పొట్టి గడ్డి, అక్కడక్కడా తుప్పలు, ఓ పక్క గని గోతులు. ముప్పై నలభై మేకలు మేస్తున్నాయి. బండ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, చేతిలో తన ఎత్తు కర్ర. పేరు తవిటమ్మ.

"అమ్మా, దొరలు గోల్ఫ్ ఆడిన స్థలం ఎక్కడో తెలుసా?" అని అడిగారు డైరెక్టరుగారు.

"మీరు నిలబడ్డదే బాబూ. మీ ఎడం కాలికింద మూడో గుంత."

డైరెక్టరుగారు ఎడం కాలు ఎత్తారు. కింద నిజంగానే మట్టి పూడిన ఒక గుంట ఉంది.

తవిటమ్మ లేచి తొమ్మిది గుంతలూ చూపించింది. ఎక్కడ నిలబడి కొట్టాలో, గాలి ఎటు తోస్తుందో, ఏ తుప్పలో పడితే బంతి దొరకదో కూడా చెప్పింది. ఆమె తండ్రి అప్పలసూరి పన్నెండో ఏట నుంచి దొరల కర్రల సంచీ మోశాడట. దొరలు వెళ్లిపోయాక అదే మైదానంలో మేకలు మేపుకుంటూ బతికాడు. ఆ కబుర్లన్నీ కూతురికి చెప్పాడు.

"మీ నాన్నగారు కూడా ఆడేవారా?" అన్నాను.

"ఆడనిస్తారేటి బాబూ! సంచీ మొయ్యడమే. గెలిసినోల కప్పు మాత్రం తుడిసీవోడట. అదీ గుడ్డతోటే పట్టుకోవాల. సేత్తో ముట్టుకోకూడదట."

మాట్లాడుతూనే, దూరంగా పోతున్న ఒక మేకను చూసి, కాలిముందున్న రాయిని కర్రతో చిన్నగా కొట్టింది. రాయి గాల్లో వెళ్లి మేకకు రెండడుగుల ముందు పడింది. మేక వెనక్కి తిరిగింది. తహసీల్దారుగారు అప్పుడు ఫోనులో వీడియో చూస్తున్నారు.

మైదానం అంచున అప్పటికే కంచె కోసం రాతి స్తంభాలు దించారు. తవిటమ్మ వాటివైపు చెయ్యి చూపించి "ఆ రాళ్లేటి బాబూ?" అంది.

"ఈ ప్రాంతాన్ని వారసత్వ గోల్ఫ్ క్షేత్రంగా ప్రకటిస్తున్నామమ్మా," అన్నారు డైరెక్టరుగారు గొంతు సవరించుకుని. "టోర్నమెంట్లు పూర్తయిన మర్నాటి నుంచి సదరు క్షేత్రంలో పశువుల ప్రవేశం నిషేధించడమైనది. భావితరాల కోసం."

"మరి నా మేకలు?"

"వేరేచోట మేపుకోవాలి," అన్నారు తహసీల్దారుగారు.

"ఏరే సోటంటే ఏ సోటు బాబూ? ఇటు సూస్తే గని గోతులు. అటు సూస్తే లారీల రోడ్డు."

"ఒక దరఖాస్తు పెట్టుకోండి. పరిశీలిస్తాం."

తవిటమ్మ కర్రతో మంద వైపు చూపించింది. "ముప్పై నాలుగు మేకలు బాబూ. మీరు పరిశీలించీదాకా అవేటి తింటాయి?"

తహసీల్దారుగారు వాచీ చూసుకున్నారు. మేం జీపెక్కాం. నేను వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ ఆ స్తంభాల దగ్గర నిలబడి ఉంది.

ఆఫీసుకు వచ్చాక ఫైలు మీద నా అలవాటు ప్రకారం ఒక సందేహం రాశాను: '1939వ సంవత్సరపు టోర్నమెంటులో పాల్గొను వ్యక్తి ఆ సంవత్సరము నాటికి జన్మించి ఉండవలెనా, అక్కరలేదా అన్నది స్పష్టము కావలసి ఉన్నది.' ఎందుకు రాశానని తర్వాత చాలామంది అడిగారు. ఫైల్లో అర పేజీ ఖాళీ ఉంది. అందుకు రాశాను.

న్యాయ సలహాదారు వెంటనే స్పందించారు. 'ఉనికిలో లేని వ్యక్తి పోటీలో పాల్గొనుట అసంభవము. కావున సదరు సంవత్సరమునకు జన్మించి ఉండుట తప్పనిసరి. వయోపరిమితి దానపత్రమున లేదు గనుక జన్మించి ఉండుట ఒక్కటే చాలును.'

తహసీల్దారుగారు ఎనభై మూడులో పుట్టారు. "అయితే మనకు పని ఇంకా తగ్గింది సార్," అని సంతోషించారు. "నేను పుట్టేదాకా అన్నీ నిల్ రాసుకుంటూ పోదాం."

పోటీదారులను పిలుస్తూ మూడు రోజుల గడువుతో నోటీసు అంటించారు. నోటీసు బోర్డు తహసీల్దారు ఆఫీసు లోపల, ఆయన గదిలో, తలుపు వెనక ఉంటుంది. మూడో రోజు సాయంత్రం దాకా ఒక్కటే దరఖాస్తు వచ్చింది. అది ఆయనదే. ఐదు గంటలకు పది నిమిషాలుందనగా తవిటమ్మ మాస్టారితో కలిసి వచ్చింది. మాస్టారు ఏదో ధ్రువపత్రం కోసం ముందురోజు ఆ గదిలోకి వెళ్లి, తలుపు మూసినప్పుడు నోటీసు చూశారట.

ఆమె సంతకం పెట్టింది. గని ఆస్పత్రివాళ్లు ఇచ్చిన పుట్టిన చీటీ జతచేసింది. పందొమ్మిది వందల యాభై ఎనిమిది.

"నువ్వు ఆడతావా అమ్మా?" అని నవ్వారు తహసీల్దారుగారు.

"ఆడకూడదని ఉంటే సెప్పండి బాబూ, ఎలిపోతాను."

"ఉండనివ్వండి సార్," అన్నారాయన డైరెక్టరుగారితో. "నేనొక్కడినే ఆడితే పేపర్లో బాగుండదు."

దరఖాస్తు స్వీకరించడమైనది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి టోర్నమెంట్లు మొదలయ్యాయి. డైరెక్టరుగారు టోపీ పెట్టుకున్నారు. తహసీల్దారుగారు తెల్ల చొక్కా, గళ్ల ప్యాంటు, ఒక చేతికి తొడుగు వేసుకొచ్చారు. తవిటమ్మ రోజూ కట్టుకునే చీరే కట్టుకుని, మేకల కర్ర పట్టుకొచ్చింది. కర్ర మీద తహసీల్దారుగారు అభ్యంతరం చెప్పారు. దానపత్రం చూశాను. 'ఆటగాడు తనకు నచ్చిన కర్రతో ఆడవచ్చును' అని ఉంది. అభ్యంతరం తోసిపుచ్చడమైనది.

మొదటి గుంత దగ్గర నేను కాగితం తీసి గట్టిగా పిలిచాను. "పందొమ్మిది వందల ముప్పై తొమ్మిది గిల్‌క్రిస్ట్ కప్పు పోటీదారులు హాజరు కావాలి!" మూడుసార్లు పిలవాలని నిబంధన పెట్టుకున్నాం. మూడుసార్లు పిలిచాను. ఎవరూ పుట్టి లేరు. నిల్ అని రాసి, డైరెక్టరుగారు సంతకం చేశాక, నలభయ్యో సంవత్సరం కోసం రెండో గుంతకు నడిచాం. అక్కడా నిల్. అలా వరసగా నడుస్తూ, పిలుస్తూ, సంతకాలు చేస్తూ వెళ్లాం. నలభై ఏడు వచ్చినప్పుడు డైరెక్టరుగారు టోపీ తీసి రెండు నిమిషాలు నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. ఎండ పెరిగింది. మైదానం రెండుసార్లు చుట్టి వచ్చేసరికి నా గొంతు పోయింది. పందొమ్మిది టోర్నమెంట్లు పూర్తయ్యాయి.

ఇరవయ్యోది రెండో గుంత దగ్గర. పందొమ్మిది వందల యాభై ఎనిమిది.

"ఈ యేడు నాను పుట్టీసినానా బాబూ?" అంది తవిటమ్మ.

"పుట్టారమ్మా."

"అయితే కొట్టీమంటారా?"

పోటీదారు ఒక్కరే ఉన్నప్పుడు తొమ్మిది దెబ్బల్లోగా బంతిని గుంతలో వేస్తేనే గెలిచినట్టని దానపత్రంలో ఉంది. ఆమె బంతిని నేలమీద పెట్టి, రాయిని కొట్టినట్టే కొట్టింది. ఐదు దెబ్బలకు గుంతలో పడింది. తహసీల్దారుగారు సరదాగా చప్పట్లు కొట్టారు. యాభై తొమ్మిది మూడో గుంత. అక్కడ మూడు దెబ్బలకే వేసింది. ఆయన ఈసారి చప్పట్లు కొట్టలేదు. తన బంతులు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

అరవయ్యో సంవత్సరం నాలుగో గుంత. అది గని గోతి అంచున ఉంది. మొదటి దెబ్బకే బంతి ముళ్లతుప్పలో పడింది. అందులోంచి బయటపడటానికి నాలుగు దెబ్బలు పట్టింది. ఆరోది రాయికి తగిలి పక్కకు పోయింది. పక్కనున్న మాస్టారిని చూశాను. ఆయన తువ్వాలు రెండు చేతులా మెలితిప్పుతున్నారు. ఒక మేకలావిడ రెండేళ్ల వయసులో ఆడవలసిన టోర్నమెంటు గెలిస్తే ఏమిటి, ఓడితే ఏమిటి, ఈయనకింత ఆరాటమెందుకని నాకనిపించింది. ఎనిమిదో దెబ్బకు బంతి గుంతకు మూరెడు దూరంలో ఆగింది.

తవిటమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. కర్రను పొట్టిగా పట్టుకుని, వంగి, మేకపిల్లను తోసినట్టు బంతిని మెల్లగా తోసింది. గుంత అంచున ఒక్క క్షణం ఆగి లోపలికి జారింది.

నేను గెలుపు రాశాను. డైరెక్టరుగారు సంతకం చేశారు. అరవై ఒకటి కోసం ఐదో గుంతకు కదలబోతుంటే మాస్టారు అడ్డం వచ్చారు.

"ఒక్క మాటండి. వెనకవైపు సదవాల," అని జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన అసలు దానపత్రం తీసి తిప్పారు.

చదివాను. వెనకవైపు రెండే నిబంధనలున్నాయి. ఒకటి, ఎవరైనా వరసగా మూడేళ్లు గెలిస్తే కప్పు వారి సొంతమవుతుంది, ఆపైన పోటీ ఉండదు. రెండు, కప్పు ఎవరి హక్కులో ఉంటే వారికి, వారి నౌకర్లకు, వారి పశువులకు ఆ మైదానంలో ఏ అడ్డూ లేకుండా తిరిగే స్వేచ్ఛ ఉంటుంది. దొరలు గుర్రాల మీద వచ్చేవారు కాబట్టి పశువుల మాట పెట్టినట్టున్నారు.

డైరెక్టరుగారు ఆ కాగితం తీసుకుని తానూ చదివారు. టోపీ తీశారు.

"అంటే ఈమె రెండేళ్ల వయసులో…" అని ఆగిపోయారు.

"సొంతం సేసీసుకుందండి," అన్నారు మాస్టారు.

తహసీల్దారుగారి చేతిలోంచి బంతి జారిపోయింది. "ఇదెక్కడి అన్యాయం సార్! నేనింకా పుట్టనే లేదు. నా వంతు రాకముందే అయిపోయిందంటే ఎలా? ఒక ఇరవై మూడేళ్లు ఆగలేరా?"

డైరెక్టరుగారు అక్కడినుంచే న్యాయ సలహాదారుకు ఫోన్ చేశారు. చాలాసేపు విన్నారు. మధ్యలో ఒకసారి "మేకలు కూడానా?" అని అడిగారు. మేకలు కూడానట. రాతపూర్వకమైన అభిప్రాయం మూడో రోజున వచ్చింది: 'కాగితము యొక్క ముందు పుటను అంగీకరించి ఎనభై ఆరు టోర్నమెంట్లు నిర్వహించబూనిన ప్రభుత్వము వెనుక పుటను నిరాకరించజాలదు. 1960లోనే కప్పు సొంతమైనందున తదుపరి అరవై నాలుగు టోర్నమెంట్లు బకాయి లేనట్లే. సదరు మహిళ అరవై ఏండ్లుగా మేకలను మేపుట చట్టసమ్మతమే.'

డైరెక్టరుగారు మొదట రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత నివేదికలో 'ఒక్క దినమున ఎనభై ఆరు బకాయి టోర్నమెంట్ల పరిష్కారం' అని రాయవచ్చని తోచి కొంత తేరుకున్నారు. కంచె ఉత్తర్వు ఉపసంహరించారు. స్తంభాలు తీసుకెళ్లడానికి వేరే ఉత్తర్వు కావాలి. అది రాలేదు కాబట్టి అవి అక్కడే ఉన్నాయి. మేకలు వాటికి వీపులు రుద్దుకుంటాయి.

విజేత పేరు కప్పు మీద చెక్కించే పని మాత్రం మిగిలింది. దానికీ మా దగ్గర ఒక ఫారం ఉంది. పేరు, తండ్రి లేక భర్త పేరు. డైరెక్టరుగారు 'గేదెల తవిటమ్మ, భర్త కీ.శే. గేదెల రామన్న' అని రాయించబోయారు.

"వీలుకాదు సార్," అన్నాను.

"ఎందుకని?"

"గెలిచిన చివరి ఏడు ఆమెకు రెండేళ్లు. రెండేళ్ల పిల్లకు భర్త ఉన్నట్టు ప్రభుత్వమే వెండి మీద చెక్కిస్తే, బాల్యవివాహాల చట్టం కింద ముందు మనల్నే అడుగుతారు."

డైరెక్టరుగారు పెన్ను కింద పెట్టారు. అలా పుట్టింటి పేరే ఖాయమైంది. పట్నం నుంచి వచ్చిన చెక్కే ఆయన క్లబ్బు వరండాలో కూర్చుని మధ్యాహ్నం దాకా చెక్కాడు. యాభై ఎనిమిది, కోరాడ తవిటమ్మ, తండ్రి అప్పలసూరి. యాభై తొమ్మిది, కోరాడ తవిటమ్మ, తండ్రి అప్పలసూరి. అరవై, అలాగే.

తవిటమ్మ వచ్చి కప్పును రెండు చేతులా ఎత్తుకుంది. డైరెక్టరుగారు తెల్ల తొడుగులు ఇవ్వబోయి, అది ఇప్పుడు ఆమె వస్తువని గుర్తొచ్చి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"మా అయ్య పేరెక్కడుందో సూపించండి బాబూ."

చూపించాను. ఆమె అక్షరాల మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరిపింది.

"మూడు సోట్లా?"

"మూడేళ్లు కదమ్మా."

మాస్టారు వెనక్కి తిరిగి బీరువా తాళం వెతుక్కోవడం మొదలుపెట్టారు. తాళం ఆయన చేతిలోనే ఉంది.

తర్వాత డైరెక్టరుగారు ఫారం ముందు పెట్టి ఏడో కాలమ్ చూపించారు. సంతకం పెడితే కప్పు రాజధానికి వెళుతుందని, అద్దాల బీరువాలో పెడతామని, పిల్లలు చూసి స్ఫూర్తి పొందుతారని వివరించారు.

"సంతకం పెట్టీస్తే ఆ సోటు హక్కు ఎవలిదవుద్ది?"

"సంస్థకు సంక్రమిస్తుంది."

"అయితే ఒద్దు బాబూ. నా మేకలున్నన్నాళ్లూ ఒద్దు," అని కప్పును మాస్టారి చేతికిచ్చి, కర్ర తీసుకుని మైదానం వైపు వెళ్లిపోయింది.

ఈ మధ్యలో మంత్రిగారు మారారు. కొత్త మంత్రిగారికి గోల్ఫ్ అంటే ఆసక్తి లేదు. ఆయన చూపు పావురాల పందేల మీద ఉంది. మొదటి సమీక్షలోనే "ఈ సంచాలకాలయం ఎందుకు?" అని అడిగారు. డైరెక్టరుగారు లేచి, అత్యంత అరుదైన చారిత్రక పురస్కారం ఒకటి గుర్తించామని, పన్నెండు కాలమ్‌లలో పదకొండు పూర్తయ్యాయని, ఒక్క సంతకం మాత్రమే మిగిలిందని విన్నవించారు. పని తుదిదశలో ఉన్న సంస్థను మధ్యలో మూసివేయరాదని నిబంధన ఉంది. సంతకం వచ్చేదాకా సంస్థను కొనసాగించాలని, వచ్చిన రోజునే మూసివేయాలని ఉత్తర్వులు జారీ అయ్యాయి.

ఆ ఉత్తర్వు మేం పదకొండు మందిమీ చాలా జాగ్రత్తగా చదివాం. రెండువైపులా చదివాం.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి సోమవారం నేను ఫారం పట్టుకుని నల్లబోడు వెళుతున్నాను. బండ మీద కూర్చుంటాను. తవిటమ్మ మేకల సంగతులు చెబుతుంది. నేను ఆఫీసు సంగతులు చెబుతాను. చివర్లో సంతకం అడుగుతాను. ఆమె ఒద్దంటుంది. తిరిగొచ్చి 'విషయము పురోగతిలో ఉన్నది' అని రాస్తాను. ఏడాదిన్నర అలా సాఫీగా జరిగింది.

పోయిన నెల ఎండ ఎక్కువగా ఉంది. కొండ ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. తవిటమ్మ నన్ను కూర్చోబెట్టి ముంతతో మంచినీళ్లిచ్చింది. నేను తాగుతుంటే కాసేపు నావైపే చూసింది.

"నా మూలాన ఎన్నిసార్లు తిరుగుతారు బాబూ, ఈ ఎండలో? మీకూ ఒయసైపోతన్నాది." నా సంచీలోంచి తొంగిచూస్తున్న ఫారం తనే తీసుకుంది. "మేకల్దేముంది, ఏదో ఒకటి సేసుకుంటాను. మీలాటోలు సూసీ సూడనట్టు ఉంటారు లెండి. ఆ పెన్నిలాగివ్వండి, పెట్టీస్తాను."

నా జేబులో పెన్ను ఉంది. మూత కూడా తీసే ఉంది. మా డైరెక్టరుగారి ఇంకా తీరని ఇంటి అప్పూ, మా జూనియర్ అసిస్టెంటు పెళ్లిచూపులూ, నాకింకా మిగిలిన నాలుగేళ్ల సర్వీసూ అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"తొందరేముందమ్మా," అన్నాను. ఫారం ఆమె చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని నాలుగు మడతలు పెట్టాను. "అటు చూడండి, ఆ నల్లమేక గోతివైపు పోతోంది."

ఆమె గబగబా లేచి వెళ్లింది. నేను కొండ దిగి, బస్సులో కూర్చుని నివేదిక రాశాను: 'హక్కుదారు సంతకము చేయుటకు ఇంకనూ సుముఖముగా లేరు.'